ఒక్క ఓడనూ ముంచని జలాంతర్గామి దగ్గర ఒక పూట: విశాఖ నౌకాదళ యాత్ర ఎలా ఉందంటే

"మావయ్యా, ఇది ఎన్ని ఓడల్ని ముంచింది?" అని మా మేనల్లుడు నన్ను అడిగాడు గానీ, ఆ ప్రశ్నను కుర్సురా జలాంతర్గామి ముందరి టార్పెడో (నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం) గదిలో నిలబడి ఉన్న గైడు నాకంటే ముందే అందుకున్నారు. నౌకాదళంలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. "ఒక్కదాన్నీ ముంచలేదు బాబూ. ముంచకుండానే ముప్పై ఒక్కేళ్లు కాపలా కాసింది" అన్నారు. పదో తరగతి చదివే పిల్లవాడి మొహం చిన్నబోయింది. యుద్ధంలో పాల్గొన్న జలాంతర్గామి అని చెప్పి తీసుకొచ్చినందుకు నావైపు కొంచెం అనుమానంగా కూడా చూశాడు. ఆ గదిలోంచి బయటపడేసరికి వాడి అభిప్రాయం మారింది. అది ఎలా మారిందో చెబితే, మేము డబ్బు కట్టి వెళ్లిన యాత్రలో ఏది బాగుందో, ఏది బాగాలేదో కూడా చాలావరకు చెప్పినట్టే అవుతుంది.

మేము వెళ్లినది విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఉన్న నౌకాదళ స్మారకాలను ఒక పూటలో చూపించే గైడెడ్ యాత్ర. విక్టరీ ఎట్ సీ స్మారకం, కుర్సురా జలాంతర్గామి మ్యూజియం, టీయూ-142 విమాన మ్యూజియం, చివర ఇసుకలో కూర్చోబెట్టి తీర భద్రతపై అరగంట ప్రసంగం, ఇదీ కార్యక్రమం. టిక్కెట్లతో కలిపి మనిషికి రూ.900 తీసుకున్నారు. మ్యూజియాలను నడిపేది విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ కాబట్టి వాటికీ ఈ యాత్ర నిర్వాహకులకూ సంబంధం లేదు. వీళ్లు మధ్యలో ఉండి దారి చూపించి, కథ చెప్పేవాళ్లు మాత్రమే. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే చెప్పబోయే లోపాలు సులువుగా సరిదిద్దుకోగలిగినవి, పైగా ఇలాంటి యాత్రలు నడిపే చాలామందికి వర్తించేవి.

బుకింగ్ తేలికగానే అయింది. వ్యాన్ 25 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, దానికి క్షమాపణ చెప్పారు, మంచినీళ్లు ఇచ్చారు, అక్కడితో ఆ విషయం వదిలేస్తాను. వదలలేనిది వ్యాన్‌లో చేతికిచ్చిన నాలుగు పేజీల కరపత్రం. రంగులు, ఫొటోలు, అట్ట అన్నీ బాగున్నాయి. రెండో పేజీలో మాత్రం పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని 1971లో ముంచింది కుర్సురాయే అని అచ్చువేశారు. ఇది చిన్న పొరపాటు కాదు. ఘాజీ మునిగిన రాత్రికి కుర్సురా ఉన్నది దేశానికి అవతలి వైపున, అరేబియా సముద్రంలో. మా వాడి ప్రశ్న ఆ పేజీలోంచే వచ్చింది. చరిత్ర చూపిస్తామని డబ్బు తీసుకునేవాళ్లు కనీసం ఒక రిటైర్డ్ నావికుడికి ఆ కాగితం చూపించి ఉంటే సరిపోయేది. అలాంటి మనిషి తమ యాత్రలో మూడో గంటకల్లా ఎదురవుతారని వాళ్లకు తెలుసు కదా.

మొదటి మజిలీ విక్టరీ ఎట్ సీ. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ఈ స్మారకం దగ్గర ఏటా డిసెంబరు 4న, అంటే నౌకాదళ దినోత్సవం నాడు, పుష్పగుచ్ఛాలు ఉంచి అమరులకు నివాళి అర్పిస్తారు. ఇక్కడ యాత్ర నిర్వాహకుల తరఫు కుర్రవాడు ఘాజీ కథను నలభై నిమిషాలు చెప్పాడు. గొంతు మంచిది, కథ చెప్పే నేర్పు ఉంది, వినేవాళ్లు కదలకుండా విన్నారు. అయితే విన్నదాంట్లో సగం సినిమా, సగం చరిత్ర. ఏది ఏదో విడదీసి చెప్పే బాధ్యత అతను తీసుకోలేదు.

ఆ కథలో నిజానికి అలంకారాలు అక్కర్లేదు. అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ దగ్గరున్న అతి విలువైన ఓడ విమానవాహక నౌక విక్రాంత్. దాన్ని అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనో ఆ చుట్టుపక్కలో ఉన్నట్టు నమ్మించడానికి ఆయన రేడియో సందేశాలతో, సరుకుల ఆర్డర్లతో ఒక నాటకం నడిపించారు. ఆ నాటకంలో విక్రాంత్ వేషం వేసింది రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక. 1942లో బ్రిటిష్ నౌకాదళంలో చేరి, 1949లో మనకు వచ్చిన ఓడ అది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రేవు నుంచి బయటికి వస్తూ, నీటిలో అనుమానాస్పదమైన కదలిక చూసి డెప్త్ చార్జీలు, అంటే నీటి అడుగున పేలే బాంబులు, వదిలింది. కొద్దిసేపటికి ఊరి కిటికీలు అదిరేంత పేలుడు వినిపించింది. మర్నాడు తేలిన నూనె, శిథిలాలతో మునిగినది ఘాజీ అని తేలింది. అమెరికాలో డయాబ్లో పేరుతో పుట్టి, 1960లలో పాకిస్తాన్ చేతికి వచ్చిన జలాంతర్గామి అది. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం, లోపలి పేలుడు వల్లనో తాను పరిచిన మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఈ భిన్నాభిప్రాయం గురించి మా కథకుడు ఒక్క మాట కూడా అనలేదు. అంటే ఏం పోతుంది? కృష్ణన్ వేసిన ఎత్తు ఏ విధంగానూ చిన్నబోదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చినచోట విక్రాంత్ లేదు, ఆయన పని అక్కడికే నెరవేరింది. అలాగే, ఘాజీ పడి ఉన్న నీళ్లకు దగ్గర్లోనే రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ జలాంతర్గామి ఆర్‌వో-110 కూడా ఉందనీ, 1944 ఫిబ్రవరిలో దాన్ని ముంచిన మూడు ఓడల్లో జమునా అనే మన రాయల్ ఇండియన్ నేవీ ఓడ ఒకటనీ చెప్పివుంటే, ఈ తీరానికి ముప్పు 1971లో కొత్తగా రాలేదని పిల్లలకు అర్థమయ్యేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేసిన సంగతి ఈ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ తమ పెద్దల మాటగా చెబుతారు. స్మారకం ముందు నిలబెట్టి చెప్పవలసిన వరుస అది.

అక్కడి నుంచి కుర్సురాకు నడిచే వెళ్లాం. ఇసుకలో కాంక్రీటు ఆధారాలపై నిలబెట్టిన నల్లటి పొడవాటి ఒళ్లు. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుంది. ఈ మధ్యలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. దాన్ని మ్యూజియంగా నిలపాలన్న ఆలోచన వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచాది. నీటిలోంచి ఒడ్డుకు లాగి, ఇప్పుడున్న చోటికి చేర్చడానికి, అంటే 600 మీటర్ల ప్రయాణానికి, ఏడాదిన్నర పట్టిందనీ, సుమారు రూ.5.5 కోట్లు ఖర్చయిందనీ చెబుతారు. సముద్రంలో అన్ని వేల మైళ్లు ఈదిన దానికి అన్నిటికంటే కష్టమైన ప్రయాణం ఈ ఆఖరి ఆరు వందల మీటర్లదే కావచ్చు. 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. దక్షిణాసియాలో ఇదే మొదటి జలాంతర్గామి మ్యూజియం. ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉన్న పాత విక్రాంత్ 2014లో ముక్కలై ఇనుప సామాను కిందికి వెళ్లిందని గుర్తుచేసుకుంటే, ఈ ఊరివాళ్లు సాధించింది ఏమిటో తెలుస్తుంది.

లోపలికి అడుగు పెట్టాక మన యాత్ర నిర్వాహకుల పని అయిపోతుంది. మ్యూజియం సొంత గైడ్లు, అంటే ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసినవాళ్లు, మనల్ని అందుకుంటారు. ఈ యాత్రలో డబ్బుకు తగిన విలువ దొరికేది ఇక్కడే, అదీ ఎవరైనా మామూలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినా దొరికేదే. జలాంతర్గామిలో ఏడు గదులుంటాయి. ఒకదాన్నుంచి మరొకదానిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప తలుపులో తల వంచి, ఒక కాలు ముందు వేసి, నడుము వంచి దూరాలి. ముందరి గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక గదిలో నాలుగు, మొత్తం 22 టార్పెడోలు మోసేది; వాటికి బదులు మందుపాతరలు కూడా నింపుకుని వెళ్లగలిగేది. నీటిపైన ఉన్నప్పుడు మూడు డీజిల్ ఇంజిన్లు నడుస్తూ బ్యాటరీలను నింపుతాయి, మునిగినప్పుడు ఆ బ్యాటరీలతోనే మోటార్లు తిరుగుతాయి. అందుకే ఎంత ధైర్యవంతుడైన కెప్టెన్‌కైనా మళ్లీ గాలికోసం పైకి రావలసిన వేళ వస్తుంది, ఆ వేళే శత్రువు కంటపడే ప్రమాదం. మా గైడు ఈ సంగతిని ఏ బొమ్మా చూపించకుండా, తన ముక్కు మూసుకుని, తెరిచి చూపించి చెప్పారు. నాకు తెలిసి ఆ రోజు అందరికీ అర్థమైన సాంకేతిక విషయం అదొక్కటే.

ఎనిమిది మంది అధికారులు, అరవై ఏడుగురు నావికులు, మొత్తం 75 మంది ఇందులో వారాల తరబడి ఉండేవారు. పక్కకు తిరిగితే భుజం తగిలే దారుల్లో, టార్పెడోల పక్కనే వేలాడే మంచాల మీద, కొలత పెట్టి ఇచ్చిన మంచినీళ్లతో. అక్కడ నిలబడ్డ పది నిమిషాలకే మా గుంపులో ఒకామె ఊపిరాడడం లేదని బయటికి వెళ్లిపోయారు. తలుపులు తెరిచి ఉన్న, ఒడ్డున ఉన్న, దీపాలు వెలుగుతున్న జలాంతర్గామిలోనే ఆ పరిస్థితి. గది కిక్కిరిస్తే ఇబ్బంది పడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇది ముందే తెలుసుకుని రావాలి. యాత్రవాళ్లు బుకింగ్ సమయంలోనే ఈ మాట చెప్పాలి, మాకు చెప్పలేదు.

ఇక మా వాడి ప్రశ్న. "ఒక్కదాన్నీ ముంచలేదు" అన్న తర్వాత గైడు గారు అక్కడే, గొట్టాల ముందు, 1971 నవంబరు కథ చెప్పారు. కమాండర్ అరుణ్ ఆడిట్టో నాయకత్వంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్లింది. నవంబరు 18 అర్ధరాత్రికి తనకు గీసిచ్చిన ప్రాంతానికి చేరింది. ఇంకా యుద్ధం ప్రకటించలేదు. రెండు కట్టుబాట్లు ఉన్నాయి: ఫలానా అక్షాంశాలు దాటకూడదు; ఎదుటి ఓడ ఎవరిదో కచ్చితంగా గుర్తుపట్టకుండా టార్పెడో వదలకూడదు. పెరిస్కోపులో ఎన్ని ఓడలు కనిపించినా, వాటిలో ఎన్ని అనుమానంగా అనిపించినా, చూడడం, గుర్తుంచుకోవడం, కబురు చేయడం వరకే. నవంబరు 25న ఇంకో ప్రాంతానికి మారమన్నారు. 30న కరంజ్ అనే తోటి జలాంతర్గామిని సముద్రంలోనే కలిసి సూచనలు అందజేసింది. డిసెంబరు 4న, పశ్చిమాన కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్లు దాడికి బయల్దేరిన రోజునే, బొంబాయి తిరిగొచ్చింది. అప్పుడు కరంజ్‌కు కమాండర్‌గా ఉన్న విజయ్ సింగ్ షెకావత్ తర్వాతి కాలంలో నౌకాదళానికే అధిపతి అయ్యారు.

"ట్రిగ్గర్ మీద వేలు పెట్టి రెండు వారాలకు పైగా నొక్కకుండా కూర్చోవడం నీకు చేతనవుతుందా?" అని గైడు గారు మా వాడిని అడిగారు. వాడు కాసేపు ఆలోచించి "చేతకాదు సార్" అన్నాడు. ఆ తర్వాత గది మారిన ప్రతిసారీ అందరికంటే వెనక నిలబడి, ఆయనతో ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. సరిహద్దు కాపలా అంటే వాడికి అప్పటిదాకా తుపాకీ, కంచె, మంచుకొండ. నీటిలో కంచె ఉండదనీ, అక్కడ సరిహద్దును కాయడమంటే చాలాసార్లు కనిపించకుండా ఒకచోట ఉండడమేననీ ఆ గదిలో తెలిసింది. ఒక గంటలో పదిహేనేళ్ల కుర్రవాడికి ఇంతకంటే ఎక్కువ ఎవరూ చెప్పలేరు. ఆయన పేరు కనుక్కోలేదని ఇంటికొచ్చాక బాధపడ్డాం.

యాత్ర నిర్వాహకుల మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. నౌకాదళ వారసత్వం అని పేరు పెట్టుకున్న కార్యక్రమంలో, ఆ వారసత్వానికి పునాది వేసినవాళ్ల ప్రస్తావన దాదాపు లేదు. కుర్సురా ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1965లో సోవియట్ యూనియన్‌తో నాలుగు జలాంతర్గాముల కొనుగోలుకు ఒప్పందం కుదిరేనాటికి మనకు ఒక్కటీ లేదు. మొదటిది, కల్వరి, 1967 డిసెంబరు 8న రీగాలోనే కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్ నాయకత్వంలో చేరింది. అందుకే డిసెంబరు 8 జలాంతర్గామి దినోత్సవం. ఒక కొత్త భాష నేర్చుకుని, ఆ భాషలో రాసిన యంత్రాల మధ్య బతకడం నేర్చుకుని, నీటి అడుగున తమకు ముందు మనవాళ్లెవరూ వెళ్లని దారిలో వెళ్లిన తరం అది. అప్పటి నౌకాదళాధిపతి అధర్ కుమార్ ఛటర్జీ. ఆ పదవిలో పూర్తి అడ్మిరల్ హోదా పొందిన మొదటి భారతీయుడు ఆయనే, 1968 మార్చి 1న. అదే రోజున విశాఖ కేంద్రంగా తూర్పు కమాండ్ ఏర్పడింది. ఈ ఊరు నౌకాదళ పట్నంగా మారిన మలుపు అది. ఆర్కే బీచ్‌లో నడిపే యాత్రలో ఆ తేదీ వినిపించకపోవడం ఏమిటో నాకు బోధపడలేదు.

ఇంకాస్త వెనక్కి వెళితే రామదాస్ కటారి కనిపిస్తారు. 1927లో డఫరిన్ శిక్షణ నౌకలో చేరిన మొట్టమొదటి జట్టు కేడెట్లలో ఒకరు. 1958 ఏప్రిల్ 22న, ఆఖరి బ్రిటిష్ అధిపతి స్టీఫెన్ కార్లిల్ నుంచి బాధ్యతలు తీసుకుని, భారత నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ల తర్వాత కూడా మన నౌకాదళానికి పరాయి అధిపతి ఉండేవారన్న సంగతే మా గుంపులో చాలామందికి కొత్త. రిటైరయ్యాక బర్మాలో మన రాయబారిగా పనిచేసి, చివరి కాలం సికింద్రాబాద్‌లో గడిపారు. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే పర్యాటకులకు ఆయన గురించి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 1971లో నౌకాదళాధిపతి ఎస్.ఎం. నందా పెరిగింది కరాచీ రేవు పక్కనున్న మనోరాలో. తన చిన్ననాటి రేవు మీదికే ఆయన ఓడల్ని పంపవలసి వచ్చింది. ఘాజీ కథకు నలభై నిమిషాలు ఇచ్చినవాళ్లు ఇందులో ఒక్క వాక్యమైనా చెప్పకపోవడం సరుకు లేక కాదు, వెతకక.

అక్కడ చెప్పుకోదగ్గ ఇంకో సంగతి ఉంది. కల్వరి, ఖందేరి, కరంజ్, కుర్సురా అనే మొదటి నాలుగింటిలో మొదటి మూడు పేర్లూ, తర్వాతి జట్టులోని వేలా, వాగీర్, వాగ్షీర్ పేర్లూ ఇప్పటి కొత్త జలాంతర్గాములకు మళ్లీ పెట్టారు. కుర్సురా పేరు మాత్రం ఆ వరుసలో ఎవరికీ ఇవ్వలేదు. కారణం ఏదైనా, ఆ పేరు పెట్టుకున్న ఓడ ఇంకా ఈ ఒడ్డున నిలబడే ఉందన్నది నాకు బాగా నచ్చిన విషయం. పండగ రోజుల్లో పనిలో ఉన్న ఓడలకు మాత్రమే చేసే జెండాల అలంకారం దీనికి ఇప్పటికీ చేస్తారు.

టీయూ-142 దగ్గర ఎక్కువసేపు ఆపను, యాత్రవాళ్లూ ఆపలేదు. రోడ్డుకు అవతలి వైపున ఉన్న ఈ భారీ విమానం 1988లో మన నౌకాదళంలోకి వచ్చి, అరక్కోణంలోని రాజాలి స్థావరం నుంచి 2017 మార్చి 29న సెలవు తీసుకుంది. మన నౌకాదళంలోని ఈ రకం విమానాలన్నీ కలిపి ఒక్క ప్రమాదం కూడా లేకుండా 29 ఏళ్లలో సుమారు 30,000 గంటలు ఎగిరాయి. దీని పని జలాంతర్గాముల వేట. సముద్రంలోకి సోనోబాయ్ అనే చెవుల్లాంటి పరికరాలను జారవిడిచి, అవి వినిపించే శబ్దాన్ని బట్టి కింద ఏముందో తెలుసుకునేది. అంటే రోడ్డుకు ఇటు వైపు దాక్కునేది, అటు వైపు వెతికేది. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టినవాళ్లు కావాలనే పెట్టారో లేదో గానీ, పిల్లలకు చెప్పడానికి ఇంత మంచి అవకాశం మరొకటి లేదు. మా కథకుడు దీన్ని వదిలేసి విమానం రెక్కల కింద ఫొటోలు తీయడంలో పడిపోయాడు. ఆ మ్యూజియాన్ని 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మర్నాడే ఈ ఊళ్లోనే, జలాంతర్గామి విభాగానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, రాష్ట్రపతి పతాకాన్ని అందజేశారు.

ఆఖరి అరగంట తీర భద్రత మీద. ఇది నేను ఎదురుచూడని విధంగా బాగుంది. ఇక్కడ మాట్లాడినది వేరే ఆవిడ; కథలు తక్కువ, విషయం ఎక్కువ. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన పదిమంది సముద్రం మీదుగా, కుబేర్ అనే మన చేపల పడవనే చేజిక్కించుకుని వచ్చారనీ, ఆ తర్వాత 2009లో తీర భద్రత మొత్తానికి నౌకాదళాన్ని బాధ్యురాలిని చేశారనీ, వెయ్యి మందితో, 80 వేగపు పడవలతో సాగర్ ప్రహరీ బల్ అనే నౌకాదళ గస్తీ విభాగం ఏర్పాటైందనీ, విశాఖతోపాటు ముంబయి, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లలో ఉమ్మడి కార్యకలాపాల కేంద్రాలు పెట్టారనీ చెప్పారు. తీరానికి దగ్గర నీళ్లలో మెరైన్ పోలీసులు, ఆ పైన కోస్ట్ గార్డ్, దూర సముద్రంలో నౌకాదళం అనే మూడు వరుసల ఏర్పాటును ఇసుకలో పుల్లతో గీసి చూపించారు. 12 నాటికల్ మైళ్ల వరకు మన సముద్రం, 24 వరకు అనుబంధ ప్రాంతం, 200 వరకు చేపలు, ఖనిజాల వంటి వాటిపై మనకే హక్కున్న ప్రత్యేక ఆర్థిక మండలం అన్న గీతలు కూడా గీశారు. అలలు ఆ గీతల్ని చెరిపేస్తుంటే మళ్లీ గీశారు. ఇరవై మీటర్లు దాటిన పడవలకు గుర్తింపు పరికరం తప్పనిసరి అనీ, వాటికంటే చిన్న పడవలే లెక్కకు మించి ఉంటాయనీ, అందువల్ల వేటకు వెళ్లే మత్స్యకారుల కళ్లే ఈ తీరానికి మొదటి కాపలా అనీ ఆవిడ అన్నప్పుడు, కాస్త దూరంలో వల సర్దుకుంటున్న ఒకాయన తలెత్తి చూసి నవ్వారు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్‌కు ఫోన్ చేయవలసిన 1554 నంబరును పిల్లలందరితో పైకి చదివించారు. ఈ ఆవిడకు అరగంట, ఘాజీ కుర్రవాడికి నలభై నిమిషాలు అన్న లెక్కను తిరగేస్తే యాత్ర ఎంతో మెరుగవుతుంది.

ఇక డబ్బు సంగతి. రూ.900 ఎక్కువా తక్కువా అని అడిగితే, విశాఖ వాళ్లకు ఎక్కువే అంటాను. మ్యూజియాల గైడ్లు టిక్కెట్టుతోనే వస్తారు, స్మారకం రోడ్డు మీదే ఉంది. సొంతంగా వెళ్లి, కుర్సురాలో గంటన్నర తీరిగ్గా గడిపి, రోడ్డు దాటి విమానం చూసి రావచ్చు. సోమవారం కుర్సురాకు సెలవు, ఆ రోజు వెళ్లకండి. సెలవురోజుల్లో లోపల జనం నిండిపోతారు, గైడుకు మీ ప్రశ్న వినే తీరిక ఉండదు. మామూలు రోజు మ్యూజియం తెరిచిన వెంటనే వెళ్లడం మంచిది. బయటి ఊళ్ల నుంచి పిల్లలతో వచ్చేవాళ్లకు, ఒక్క పూటే సమయం ఉన్నవాళ్లకు మాత్రం ఈ యాత్ర పనికొస్తుంది, ముఖ్యంగా ఆఖరి అరగంట కోసం. అయిదింటికి మూడు ఇస్తాను. ఆ మూడింటిలో ఒకటిన్నర మ్యూజియం గైడుగారివి, ఒకటి ఇసుకలో గీతలు గీసినావిడవి, మిగతా సగం మంచినీళ్లకు.

కరపత్రంలో తప్పు గురించి నిర్వాహకులకు రాశాను. మళ్లీ అచ్చువేసేటప్పుడు సరిదిద్దుతామని రెండు రోజుల్లో జవాబు ఇచ్చారు, అది మెచ్చుకోవలసిందే. మా వాడు తన దగ్గరున్న ప్రతిలో అప్పటికే ఆ వాక్యం కొట్టేసి, పక్కన పెన్నుతో "ముంచలేదు, 18 నుంచి 4 వరకు కాపలా" అని రాసుకున్నాడు. పై నెల వాళ్ల నాన్నతో మళ్లీ వస్తాడట, యాత్రవాళ్లతో కాదు, విడిగా. ఈసారి వెనక టార్పెడో గది సరిగ్గా చూడాలట, మొదటిసారి అక్కడ జనం తోపులాటలో నాలుగు గొట్టాల్లో రెండే కనిపించాయట.